పలకలా మడిచే ల్యాప్‌టాపా, పాత తరహా బిజినెస్ ల్యాప్‌టాపా? కర్నూలు, ఆదోని మధ్య తిరిగే పన్నుల పనికి ఏది తీసుకోవాలి?

తుంగభద్ర_లెక్కలు, కర్నూలు
ఫిబ్రవరి 9, రాత్రి 9:15

సభ్యులందరికీ నమస్కారం. నేను కర్నూలులో పన్నుల ప్రాక్టీసు చేస్తున్నాను. 2017లో, జీఎస్టీ అమలులోకి వచ్చిన కొద్ది నెలలకే కొన్న 14 అంగుళాల బిజినెస్ ల్యాప్‌టాప్ ఇప్పటికీ నా బల్ల మీద పని చేస్తూనే ఉంది. అందులో ఉన్నది ఇంటెల్ ఏడవ తరం ప్రాసెసర్ కావడం వల్ల విండోస్ 11 దానికి రాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అదనపు భద్రతా అప్‌డేట్ల కోసం నమోదు చేసుకున్నాను కాబట్టి 2026 అక్టోబరు 13 వరకు గడువు దొరికింది గానీ, క్లయింట్ల పాన్ వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఒకే యంత్రంలో ఉన్నప్పుడు చివరి నెల దాకా లాగడం సరికాదని, జూలై రిటర్నుల రద్దీకి ముందే కొత్తది తీసుకోవాలని నిశ్చయించుకున్నాను.

నా పని రెండు రకాలు. వారంలో నాలుగు రోజులు ఆఫీసులో కూర్చుని ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్, డిజిటల్ సంతకం టోకెన్లతో గడుస్తాయి. మిగిలిన రెండు రోజులు ఆదోనిలోని పత్తి జిన్నింగు మిల్లుల్లో సరకు నిల్వ చూడడానికి వెళ్తాను. అక్కడ గోడౌనులో నిలబడి అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం మీద బేళ్ల లెక్క రాసుకుంటాను, రాత్రి ఇంటికి వచ్చి అదంతా మళ్లీ ఎక్సెల్‌లో ఎక్కిస్తాను. ఒకే పనిని రెండుసార్లు చేస్తున్నానన్న బాధ చాలా ఏళ్లుగా ఉంది. అందుకే తెరను పూర్తిగా వెనక్కి తిప్పి పలకలా పట్టుకుని, పెన్నుతో రాసుకునే కన్వర్టిబుల్ మీద మనసు పోతోంది. నా దగ్గర ఉన్నది 95 వేల రూపాయలు. వాడినవారు తమ అనుభవం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

స్క్రూడ్రైవర్_కర్నూలు
ఫిబ్రవరి 9, రాత్రి 10:02

మేడమ్, నేను పద్నాలుగేళ్లుగా ల్యాప్‌టాప్‌లు విప్పి బాగు చేస్తున్నవాడిని. నా బల్ల మీదకు వచ్చినవాటిని బట్టే చెబుతాను. కన్వర్టిబుల్స్‌లో నేను ఎక్కువగా చూసే సమస్య తెరను కీబోర్డు భాగానికి కలిపే కీలు (హింజ్). మామూలు ల్యాప్‌టాప్ కీలు తెరను నిలబెట్టి ఉంచితే చాలు. కన్వర్టిబుల్ కీలు మాత్రం 360 డిగ్రీలు తిరగాలి, వేలితో తెరను నొక్కినప్పుడు తెర వెనక్కి ఊగకుండా బిగువుగా కూడా ఉండాలి. ఆ బిగువు భారమంతా కీలును పట్టి ఉంచే మరల మీద పడుతుంది. ధర తగ్గించి తయారుచేసిన వాటిలో ఆ మరలు ప్లాస్టిక్ గుబ్బల్లో దిగగొట్టిన చిన్న ఇత్తడి నట్లలోకి వెళ్తాయి. మూడేళ్లు తెరిచి మూసేసరికి ప్లాస్టిక్ పగిలి నట్లు ఊడి వస్తాయి. మంచి బిజినెస్ శ్రేణిలో కీలు లోహపు చట్రానికి బిగించి ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ.

రెండవది తెర. టచ్ అద్దాన్ని లోపలి ప్యానెల్‌కు అతికించి తయారుచేస్తారు కాబట్టి అద్దం మీద చిన్న పగులు వచ్చినా మొత్తం తెరను మార్చవలసి వస్తుంది. మామూలు 14 అంగుళాల మ్యాట్ ప్యానెల్ అయితే హైదరాబాదు నుంచి తెప్పించి మరుసటి రోజుకే బిగించి ఇవ్వగలను. కన్వర్టిబుల్ తెర కోసం నా కస్టమర్లు మూడు వారాలు ఎదురుచూసిన సందర్భాలు ఉన్నాయి. నెలవారీ జీఎస్టీ రిటర్ను అయిన జీఎస్టీఆర్-3బీ గడువు 20వ తేదీ అయితే, 12వ తేదీన తెర పగిలినవారు ఏం చేయాలో మీకు నేను చెప్పనక్కరలేదు.

మూడవది ర్యామ్. కన్వర్టిబుల్స్‌లో చాలావాటిలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికిస్తారు. కొన్నప్పుడు ఎంత ఉంటే చివరిదాకా అంతే. పాత తరహాలో ఇంకా స్లాట్లు ఉన్న మోడళ్లు దొరుకుతున్నాయి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, ఇప్పుడు 16 జీబీతో తీసుకుని ఒక స్లాటు ఖాళీగా ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

అనంత_సైటు, అనంతపురం
ఫిబ్రవరి 10, ఉదయం 6:40

స్క్రూడ్రైవర్ అన్న చెప్పినవి నిజమే. అయితే బాగుచేసే బల్ల మీదకు చెడిపోయినవే వస్తాయి, చెడకుండా పని చేస్తున్నవి రావు. నేను సివిల్ ఇంజనీరుని. నాలుగేళ్లుగా బిజినెస్ శ్రేణికి చెందిన 13 అంగుళాల కన్వర్టిబుల్ వాడుతున్నాను. నా పనిలో పెన్ను లేని యంత్రం సగం యంత్రమే. సైటులో పునాది గుంత పక్కన నిలబడి, డ్రాయింగు పీడీఎఫ్‌లో స్తంభం ఎక్కడ జరపాలో ఎర్ర గీతతో గుర్తు పెట్టి, ఆ పేజీని అక్కడికక్కడే కాంట్రాక్టరుకు, డిజైనరుకు పంపిస్తాను. ఇదివరకు అదే మార్పును ఫోనులో మాటలతో వివరించేవాడిని, సాయంత్రానికి వాళ్లు వేరే స్తంభాన్ని జరిపి ఉండేవారు. ఆ పొరపాట్లు తగ్గడం వల్ల మిగిలిన డబ్బుతో పోలిస్తే ల్యాప్‌టాప్ ధర నాకు లెక్కలోకి రాదు.

కొనేవారు మూడు విషయాలు చూసుకోవాలి. తెర వెలుగు కనీసం 400 నిట్లు ఉండాలి. టచ్ తెర అద్దంలా మెరుస్తుంది కాబట్టి 250, 300 నిట్ల తెరల మీద మన ఎండలో మన ముఖమే కనిపిస్తుంది. పెన్ను యంత్రంతోపాటే రావాలి, దాన్ని దోపుకునే చోటు యంత్రంలోనే ఉంటే ఇంకా మంచిది. విడిగా కొనేటప్పుడు వాకామ్ ఏఈఎస్, మైక్రోసాఫ్ట్ పెన్ ప్రోటోకాల్ అని రెండు వేర్వేరు పద్ధతులు ఉన్నాయని గుర్తుంచుకోవాలి, ఒకదాని కోసం మాత్రమే చేసిన పెన్ను ఇంకొకదాని మీద రాయదు. చివరగా బరువు. పలకలా మడిచినా కీబోర్డు దానికి అంటుకునే ఉంటుంది కాబట్టి 1.4 కిలోలు పూర్తిగా ఎడమ ముంజేతి మీదే పడుతుంది. కిలోన్నర శెనక్కాయల మూటను ఒక చేత్తో పట్టుకుని అరగంట నిలబడి చూస్తే ఆ బరువు ఎలాంటిదో తెలుస్తుంది. నేను భుజానికి తగిలించుకునే పట్టీ కుట్టించుకున్నాను.

గణితం_కడప
ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:20

నేను కడపలో ఇంజనీరింగు కళాశాలలో గణితం బోధిస్తున్నాను. కన్వర్టిబుల్ పక్షాన నాది రెండవ సాక్ష్యంగా రాసుకోండి. పలకలా రాయగల ల్యాప్‌టాప్ కొత్త ఆలోచన కాదు. 2002లో మైక్రోసాఫ్ట్ టాబ్లెట్ పీసీల కోసం ప్రత్యేకంగా విండోస్ ఎక్స్‌పీని విడుదల చేసింది. 2005లో థింక్‌ప్యాడ్ ఎక్స్41 టాబ్లెట్ వచ్చింది. దాని తెర మధ్యలో ఉన్న ఒకే కీలు మీద గిర్రున తిరిగి కీబోర్డు మీద వెల్లకిలా పడుకునేది. ఇప్పుడు మనం చూస్తున్న 360 డిగ్రీల కీలును 2012లో లెనోవో యోగా జనంలోకి తెచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ కూడా వచ్చింది, అది మడిచేది కాదు, కీబోర్డు ఊడి వచ్చేది. కొనేటప్పుడు ఈ రెండింటినీ కలిపి ఆలోచిస్తే పొరపాటు జరుగుతుంది.

తరగతిలో నేను ఒక సమాకలనాన్ని తెర మీద పెన్నుతో రాస్తుంటే అది ప్రొజెక్టరు ద్వారా గోడ మీద పడుతుంది, నేను పిల్లల వైపు తిరిగే నిలబడతాను. బోర్డు మీద రాసిన పదహారేళ్లలో నా వీపునే ఎక్కువగా చూపించాను. ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో ముఖాల్లోనే తెలుస్తుంది. పాఠం ముగిశాక ఆ రాతను అలాగే పీడీఎఫ్‌గా ఇచ్చేస్తాను. ఐదేళ్లలో పెన్ను మొనలు నాలుగు మార్చాను, కీలుకు ఏమీ కాలేదు.

అయితే అడిగినవారి పనిని చూస్తే నాకు ఒక సందేహం ఉంది. నాకు రాతే అంతిమ ఫలితం. మీకు అంతిమ ఫలితం ఎక్సెల్ గడిలో ఉండే అంకె. పెన్నుతో తెర మీద రాసిన 148 బొమ్మగానే ఉంటుంది, దాన్ని గడిలోకి అంకెగా తెచ్చే పని మళ్లీ మీ వేళ్లదే. గడి మీద పెన్నుతో నొక్కి చేతిరాతను అంకెగా మార్చుకునే వీలు ఉంది గానీ, నిలబడి తొందరలో రాసే అంకెలను అది ఎంతవరకు సరిగ్గా చదువుతుందో కొనక ముందే పరీక్షించి చూడాలి.

బేతంచెర్ల_పాలిష్
ఫిబ్రవరి 10, రాత్రి 8:48

మాది బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ యూనిట్. లెక్కలు నేనే చూస్తాను. దుమ్ము గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మా యూనిట్‌లో ఉన్న సన్నని, తేలికైన ల్యాప్‌టాప్ ఫ్యాను పద్దెనిమిది నెలల్లో రాతి పొడితో గట్టిపడిపోయింది. దాని అడుగు మూతను విప్పాలంటే రబ్బరు పాదాలను పీకి, వాటి కింద దాగిన మరలను వెతుక్కోవాలి. మా నాన్నగారి పాత బిజినెస్ ల్యాప్‌టాప్ మూతకు పైకే కనిపించే ఆరు మరలు ఉన్నాయి, ప్రతి ఉగాదికీ విప్పి బ్రష్షుతో శుభ్రం చేసుకుంటాం. ఆదోని మిల్లుల్లో రాతి పొడి ఉండదు గానీ దూది నూగు ఉంటుంది. అది ఫ్యాను రెక్కల వెనుక ఉన్న సన్నని రాగి పలకల మధ్య దుప్పటిలా పరుచుకుంటుందని మా బంధువుల మిల్లులో చూశాను.

ఎండ కూడా ఆలోచించండి అక్కా. చాలా కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లు 35 డిగ్రీల వరకు వేడి ఉన్న చోట వాడడానికి తగినవని పత్రాల్లో రాస్తాయి. మన దగ్గర ఏప్రిల్ వచ్చేసరికి 40 దాటుతుంది, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ.

స్క్రూడ్రైవర్_కర్నూలు
ఫిబ్రవరి 10, రాత్రి 9:30

వేడి మాట వచ్చింది కాబట్టి బ్యాటరీ గురించి చెప్పాలి. లిథియం బ్యాటరీకి రెండు శత్రువులు: వేడి, ఎప్పుడూ నూటికి నూరు శాతం నిండి ఉండడం. ఆ రెండూ కలిస్తే ఉబ్బుతుంది. నా దగ్గరకు టచ్‌ప్యాడ్ పైకి లేచిందని తెచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి కారణం కింద ఉబ్బిన బ్యాటరీయే. బిజినెస్ శ్రేణుల్లో, ఇప్పుడు చాలా కన్వర్టిబుల్స్‌లో కూడా, చార్జింగును 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటుంది. ఆఫీసులో రోజంతా ప్లగ్గులో ఉంచేవారు మొదటి రోజే దాన్ని పెట్టుకోవాలి. మే నెలలో కారులో వదిలి వెళ్లకూడదు.

అనంత_సైటు గారు చెప్పిన మాటను నేను ఒప్పుకుంటున్నాను, చెడినవే నా దగ్గరకు వస్తాయి. ఆయన వాడుతున్నది బిజినెస్ శ్రేణి కన్వర్టిబుల్, దాని చట్రం వేరు. కానీ ఆ శ్రేణిలో కొత్తది మేడమ్ చెప్పిన 95 వేలకు దొరకడం కష్టం. ఆ ధరకు దొరికే కన్వర్టిబుల్స్ ఎక్కువగా ఇంటి వాడకానికి చేసినవే. కాబట్టి మేడమ్ ఎంచుకోవలసింది ఒక మంచి పాత తరహా ల్యాప్‌టాప్‌కూ ఒక మధ్యస్థమైన కన్వర్టిబుల్‌కూ మధ్య అని గమనించాలి.

ఇంకొక మాట. కొన్నిటి మీద మిల్-ఎస్‌టీడీ-810 పరీక్షలో నెగ్గిందని రాసి ఉంటుంది. అది అమెరికా సైన్యం రూపొందించిన ప్రమాణమే గానీ, అందులో ఉన్న పరీక్షల్లో ఏవేవి చేయించాలో తయారీదారే ఎంచుకుంటాడు. ఆ ముద్ర ఉన్నంత మాత్రాన అన్నిటినీ తట్టుకుంటుందని అనుకోకూడదు.

విశ్రాంత_బ్యాంకరు, ప్రొద్దుటూరు
ఫిబ్రవరి 11, ఉదయం 7:05

అమ్మా, నేను బ్యాంకులో ముప్పై మూడేళ్లు పని చేసి పదవీ విరమణ చేసినవాడిని. ల్యాప్‌టాప్‌ల లోపలి సంగతులు నాకు తక్కువ తెలుసు, సరకు నిల్వ స్టేట్‌మెంట్లు మాత్రం వేలల్లో చూశాను. సరకు నిల్వను హామీగా చూపి క్యాష్ క్రెడిట్ అనే అప్పు తీసుకున్న మిల్లు ప్రతి నెలా నిల్వ స్టేట్‌మెంటు ఇస్తుంది, దాని మీదే ఎంత డబ్బు తీసుకోవచ్చో నిర్ణయమవుతుంది. లెక్క పెట్టిన చోట, లెక్క పెట్టిన క్షణాన గోడౌను బాధ్యుడు ఆ కాగితం మీద సంతకం చేసి ఉండాలని నేను ఎప్పుడూ పట్టుబట్టేవాడిని. తరువాత ఏదైనా తేడా వస్తే నిలబడేది ఆ కాగితమే. మీరు పలక మీద లెక్క రాసుకున్నా ఆ కాగితం ఎలాగూ తయారు చేయవలసి వస్తుందేమో ఆలోచించుకోండి.

నా సలహా ఒక్కటే. ఏదీ కొనకుండా ఒక వారం గడపండి. చిన్న నోటు పుస్తకం దగ్గర పెట్టుకుని, తెర మీద పెన్నుతో రాయగలిగితే బాగుండునని అనిపించిన ప్రతిసారీ ఒక గీత గీయండి, ఎక్కడ, ఏ పనిలో అనిపించిందో పక్కనే రాయండి. వీలైతే తెలిసినవారి కన్వర్టిబుల్‌ను ఒక్క రోజు అడిగి తీసుకుని ఆదోనికి పట్టుకెళ్లండి. దుకాణంలో పది నిమిషాలు తిప్పి చూసిన కీలు, గోడౌనులో గంట మోసిన కీలు ఒకటి కావు.

తుంగభద్ర_లెక్కలు, కర్నూలు
ఫిబ్రవరి 11, రాత్రి 10:10

అందరికీ కృతజ్ఞతలు. బ్యాంకరు గారి సలహా నాకు బాగా నచ్చింది, రేపటి నుంచే మొదలుపెడతాను. మా పక్క ఆఫీసులోని జూనియర్ దగ్గర 14 అంగుళాల కన్వర్టిబుల్ ఉంది, శనివారానికి ఇస్తానంది.

ఈలోగా కొంతమంది వ్యక్తిగత సందేశాల్లో పన్ను గురించి అడిగారు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. మీరు జీఎస్టీలో నమోదై ఉండి, వ్యాపారానికి వాడుతూ, మీ జీఎస్టీ సంఖ్య వేసిన బిల్లు తీసుకుంటే ఆ పన్ను క్రెడిట్‌గా వస్తుంది. ఆదాయపు పన్నులో కంప్యూటర్లకు తరుగుదల 40 శాతం. ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే అందులో సగమే. జీఎస్టీ క్రెడిట్ తీసుకున్న మొత్తం మీద తరుగుదల కూడా అడగకూడదు. కన్వర్టిబుల్‌కైనా పాత తరహాకైనా ఈ నియమాల్లో తేడా లేదు.

స్క్రూడ్రైవర్ గారికి ఒక ప్రశ్న. నా డిజిటల్ సంతకం టోకెన్లు అన్నీ పాత వెడల్పు యూఎస్‌బీవే. సన్నని కన్వర్టిబుల్స్ కొన్నిటిలో టైప్-సి రంధ్రాలు మాత్రమే ఉంటున్నాయి. మధ్యలో హబ్ పెట్టుకుంటే టోకెన్ పని చేస్తుందా?

స్క్రూడ్రైవర్_కర్నూలు
ఫిబ్రవరి 12, ఉదయం 9:50

మంచి హబ్ అయితే పని చేస్తుంది మేడమ్. చవక హబ్‌లలో సంతకం మధ్యలో టోకెన్ ఊడిపోయినట్టు చూపించడం నేను చూశాను. రెండు వెడల్పు యూఎస్‌బీలు, హెచ్‌డీఎంఐ, నెట్ కేబుల్ రంధ్రం ఉన్న పాత తరహా ల్యాప్‌టాప్ తీసుకుంటే ఆ హబ్‌ను మరచిపోవడం, వెతుక్కోవడం ఉండవు. మీ పనికి అంకెల కీప్యాడ్ కూడా ముఖ్యం. 14 అంగుళాల వాటిలో సాధారణంగా అది ఉండదు, 16 అంగుళాల వాటిలో చాలావాటికి ఉంటుంది గానీ బస్సులో మోయడం కష్టం. యూఎస్‌బీ కీప్యాడ్ విడిగా తీసుకుని ఆఫీసు బల్ల మీద ఉంచుకోండి.

పెన్నా_విద్యార్థి, అనంతపురం
ఫిబ్రవరి 12, సాయంత్రం 5:30

కంపెనీలు వాడి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు, బిజినెస్ కన్వర్టిబుల్స్ కూడా, సికింద్రాబాదు సీటీసీలోనూ బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనూ సగం ధరకు దొరుకుతున్నాయి కదా, అవి తీసుకోకూడదా? నేను ఒకటి తీసుకుని రెండేళ్లుగా చదువుకుంటున్నాను.

స్క్రూడ్రైవర్_కర్నూలు
ఫిబ్రవరి 12, రాత్రి 8:15

చదువుకు తీసుకోవచ్చు తమ్ముడూ. విండోస్ 11 కోసం ఎనిమిదవ తరం లేదా ఆపై ఇంటెల్ ప్రాసెసర్ ఉందో లేదో చూసుకోవాలి. బయోస్‌లోకి (విండోస్ మొదలవక ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి పాత కంపెనీ పాస్‌వర్డ్ మిగిలి ఉందేమో చూడాలి, అది ఉంటే తరువాత తీయడం చాలా కష్టం. బ్యాటరీ రిపోర్టు తీసి ఇప్పుడు ఎంత పట్టు ఉందో కనుక్కోవాలి. ఇతరుల ఆర్థిక వివరాలు దాచే యంత్రానికి మాత్రం కంపెనీ వారంటీ ఉన్న కొత్తదే నయమని నా అభిప్రాయం. వారంటీ విషయంలో ఆన్‌సైట్ (మన దగ్గరికే వచ్చి బాగుచేసేది) అని రాసి ఉన్నా, మీ పిన్‌కోడ్‌కు ఆ సేవ ఉందో లేదో కొనక ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. 518001 అని కొట్టి చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. మన దగ్గరకు విడిభాగాలు హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో రావాలి కాబట్టి, మరుసటి పనిదినానికే బాగుచేస్తామన్న కంపెనీ మాటను రెండు మూడు రోజులుగా లెక్క వేసుకోండి.

అనంత_సైటు, అనంతపురం
ఫిబ్రవరి 13, ఉదయం 6:20

కీబోర్డు ఊడి వచ్చే రకం గురించి కూడా ఒక మాట చెప్పాలి. పలకగా చూస్తే సర్ఫేస్ ప్రో వంటివి కిలో లోపే ఉంటాయి కాబట్టి నిలబడి రాయడానికి అన్నిటికన్నా అవే సులువు. నేను కొనకపోవడానికి కారణం వేరే ఉంది. ఒడిలో పెట్టుకుని టైపు చేస్తే వెనుక ఉన్న ఆసరా కాలు తొడ మీద నిలవదు. నేను అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లే రైలులో బల్ల ఉండదు, ఉండేది ఒడి మాత్రమే. తుంగభద్ర_లెక్కలు గారు ఆదోని ప్రయాణంలో టైపు చేస్తారా లేదా అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తుంగభద్ర_లెక్కలు, కర్నూలు
ఫిబ్రవరి 19, రాత్రి 9:40

వారం గడిచింది. గీతల లెక్క చెబుతాను.

మొత్తం పదకొండు గీతలు. అందులో ఏడు ఆదోనిలో గీసినవి, మూడు ఇంట్లో రాత్రిపూట బ్యాలెన్స్ షీటు ప్రతులు చదువుతున్నప్పుడు, ఒకటి ఫోనులో క్లయింటుకు నోటీసు వివరిస్తున్నప్పుడు. ఆఫీసులో నాలుగు రోజుల్లో ఒక్క గీత కూడా పడలేదు. ఆ నాలుగు రోజులూ నేను రోజుకు ఏడెనిమిది గంటలు కీబోర్డు మీదే ఉన్నాను.

శనివారం జూనియర్ కన్వర్టిబుల్‌ను ఆదోనికి తీసుకెళ్లాను. మొదటి గోడౌనులో ఆనందంగానే మొదలైంది. వరుసకు ఎన్ని బేళ్లు, ఎన్ని వరుసలు అని గడుల్లో రాసుకుంటూ వెళ్తుంటే, ఇన్నాళ్లూ ఎందుకు కష్టపడ్డానా అనిపించింది. ఇరవై నిమిషాలకు ఎడమ చేయి లాగడం మొదలైంది, నలభై నిమిషాలకు యంత్రాన్ని బేళ్ల మీద ఆనించి రాయవలసి వచ్చింది. ఆనించిన చోటల్లా గాలి రంధ్రాలకు దూది పట్టుకుంది. గణితం_కడప గారు చెప్పినట్టే అంకెలుగా మార్చినప్పుడు కొన్ని 1లు 7లయ్యాయి, ఒక గడిలో 6 కాస్తా 0 అయింది. నిల్వ లెక్కలో అలాంటి పొరపాటును వెతకడం కంటే రాత్రి మళ్లీ టైపు చేయడమే తక్కువ శ్రమ.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర జరిగింది. లెక్క పూర్తయ్యాక గోడౌను గుమాస్తాను సంతకం చేయమంటే, ఆయన తెర మీద పెన్ను పెట్టడానికి ఇష్టపడలేదు. కాగితం ఇవ్వండి, నేను చదువుకుని సంతకం చేస్తాను, ఒక ప్రతి నా దగ్గర ఉంచుకుంటాను అన్నారు. ఆయన అడిగింది న్యాయం. బ్యాంకరు గారు ముందే చెప్పిన మాట అది. అక్కడే కూర్చుని మొత్తం లెక్కను కాగితం మీద ఎత్తి రాశాను. రెండుసార్లు చేసే పనిని ఒకసారికి తగ్గించుకోవాలని వెళ్లి మూడుసార్లు చేశాను.

ఇంట్లో రాత్రిపూట పడిన మూడు గీతల గురించి కూడా నిజం చెప్పాలి. ఆదివారం రాత్రి తెరను పలకలా మడిచి, ఒక ట్రస్టు లెక్కల ప్రతి మీద పెన్నుతో ప్రశ్నలు రాసుకుంటూ చదివిన గంట చాలా బాగుంది. అలా చదవడం నాకు కళాశాల రోజుల తరువాత ఇదే మొదటిసారి. ఆ ఒక్క గంట కోసం మిగతా రోజుల సౌకర్యాన్ని వదులుకోలేకపోతున్నాను.

విశ్రాంత_బ్యాంకరు, ప్రొద్దుటూరు
ఫిబ్రవరి 20, ఉదయం 7:30

అమ్మా, నిల్వ కాగితాన్ని ముందే గడులతో ముద్రించి, కార్బన్ పెట్టి రెండు ప్రతులు ఒకేసారి రాయండి. గడుల వరుస మీ ఎక్సెల్ షీటులోని వరుసే అయితే రాత్రి టైపు చేసేటప్పుడు కన్ను ఎక్కడా తడబడదు. సంతకమైన కాగితాన్ని అక్కడే ఫోనుతో స్కాన్ చేసి పెట్టుకుంటే పోతుందన్న భయం కూడా ఉండదు.

గణితం_కడప
ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 12:45

మీ లెక్క చదివాక నేను కూడా నా పక్షాన్ని మీ విషయంలో వదులుకుంటున్నాను. మా కళాశాలలో కొత్తగా చేరిన అధ్యాపకులకు మాత్రం పెన్ను ఉన్నదే కొనమని చెబుతూనే ఉంటాను. వాళ్లలో ఒకరి చేత కూడా ఈ గీతల పద్ధతి చేయించాను, మూడు రోజుల్లోనే అరవై దాటాయి.

తుంగభద్ర_లెక్కలు, కర్నూలు
ఫిబ్రవరి 27, రాత్రి 8:55

14 అంగుళాల పాత తరహా బిజినెస్ ల్యాప్‌టాప్ తీసుకున్నాను. 16 జీబీ ర్యామ్ ఒకే స్లాటులో ఉంది, రెండవది ఖాళీ. మ్యాట్ తెర, రెండు వెడల్పు యూఎస్‌బీలు, నెట్ కేబుల్ రంధ్రం, నీళ్లు పడితే కిందికి జారిపోయే కాలువలున్న కీబోర్డు, విండోస్ ప్రో, మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ అన్నీ కలిపి 91 వేలకు వచ్చాయి. మిగిలిన దానితో అంకెల కీప్యాడ్ కొన్నాను. చార్జింగు 80 శాతం దగ్గర ఆగేలా పెట్టాను, డిస్కును బిట్‌లాకర్‌తో భద్రం చేసి, దాని రికవరీ తాళాన్ని కాగితం మీద ముద్రించి బీరువాలో పెట్టాను.

మొన్న ఆదోనికి కార్బన్ పెట్టిన గడుల కాగితాలతో వెళ్లాను. గుమాస్తా గారు తన ప్రతిని మడిచి జేబులో పెట్టుకున్నారు. ల్యాప్‌టాప్ సంచిలోంచి బయటికి రాలేదు. రాత్రి ఎక్సెల్‌లో ఎక్కించడానికి ముప్పై అయిదు నిమిషాలు పట్టింది, ఇదివరకు గంటకు పైగా పట్టేది.

పాత ల్యాప్‌టాప్‌ను ఒక విద్యార్థినికి ఇవ్వాలనుకుంటున్నాను. అందులోని ఎస్‌ఎస్‌డీలో ఎనిమిదేళ్ల క్లయింట్ల వివరాలు ఉన్నాయి. దాన్ని చెరిపి ఇవ్వవచ్చా, లేక తీసేసి కొత్తది వేసి ఇవ్వాలా, స్క్రూడ్రైవర్ గారూ?

స్క్రూడ్రైవర్_కర్నూలు
ఫిబ్రవరి 27, రాత్రి 9:20

తీసేసి మీ దగ్గరే ఉంచుకోండి మేడమ్. మామూలుగా ఫార్మాట్ చేసిన డిస్కులోంచి వివరాలు బయటికి లాగేవారు ఉన్నారు, అంతమంది క్లయింట్ల వివరాలతో ఆ అవకాశం తీసుకోవద్దు. చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి వేసి, విండోస్ బదులు లినక్స్ ఎక్కించి ఇస్తాను, ఆ అమ్మాయికి అక్టోబరు తరువాత కూడా భద్రతా అప్‌డేట్లు వస్తూ ఉంటాయి. సోమవారం పది గంటల తరువాత తీసుకురండి.